ఫ్రిజ్ చల్లబడనప్పుడు: గ్యాస్ నింపించే ముందు చూడవలసినవి

సోలాపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం మామూలే. ఇంట్లోని ఫ్రిజ్ మీద ఎక్కువ భారం పడేది ఆ రోజుల్లోనే. సాయంత్రం పాలు విరిగిపోతాయి, ఉదయం వండిన పప్పు పులిసి వాసన వేస్తుంది, నీళ్ల సీసా చేతికి చల్లగా తగలదు. మెకానిక్‌ను పిలిస్తే చాలాసార్లు మూత విప్పకముందే వినవచ్చే మాట ఒకటి ఉంది: “గ్యాస్ అయిపోయింది, నింపాలి.” మగ్గం మీదనో, బీడీల మీదనో వచ్చే వారపు కూలితో ఇల్లు గడుపుకొనే కుటుంబానికి ఆ ఒక్క మాట ఖరీదు తక్కువేమీ కాదు. డబ్బు చెల్లించిన తరువాత పది రోజులకు ఫ్రిజ్ మళ్లీ మొదటి స్థితికి వస్తే ఆ నష్టం రెట్టింపు అవుతుంది.

ఫ్రిజ్‌లోని గ్యాస్ వంటగ్యాస్ సిలిండరులోని గ్యాస్ వలె వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. మూసివున్న గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా రంధ్రం పడితే తప్ప అది తగ్గదు. కనుక గ్యాస్ తగ్గిందని ఎవరైనా చెబితే, ఎక్కడ కారిందో కూడా వారే చూపవలసి ఉంటుంది. అంతకు ముందు, ఖర్చు లేకుండా ఇంట్లోనే చూసుకోదగిన కారణాలు చాలా ఉన్నాయి.

చల్లదనం ఎలా వస్తుంది

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని తీసి బయటికి పంపుతుంది. వెనుక అడుగున నల్లటి కుండ వలె కనబడే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాస్ వెనుకనున్న జాలీ గొట్టాలలో తిరుగుతూ తన వేడిని గది గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. తరువాత వెంట్రుక వలె సన్నని గొట్టం గుండా ఫ్రీజర్ పలకలోకి చేరి, అక్కడ మళ్లీ ఆవిరి అవుతూ లోపలి వేడిని పీల్చుకొంటుంది. ఆ ఆవిరి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది.

ఈ దారి తెలిస్తే దోషాన్ని వెదకడం సులభం. ఫ్రిజ్ చల్లబడకపోవడానికి నాలుగే మూలకారణాలు ఉండవచ్చు: కంప్రెసర్ నడవకపోవడం, వెనుకవైపు వేడి బయటికి పోకపోవడం, బయటి వేడి లోపలికి చొరబడడం, లోపలి చల్లదనం అన్ని అరలకు చేరకపోవడం. ఈ నాలుగింటినీ చూసిన తరువాతనే గ్యాస్ మాట రావాలి.

ముందుగా ఆహారం, మందులు

ఫ్రిజ్ లోపల ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు, ఫ్రీజరులో సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు అంత తక్కువ ఉష్ణోగ్రతను చూపదు. ఫ్రిజ్‌లో ఉంచే థర్మామీటరు దుకాణాలలో దొరుకుతుంది. దానిని నీళ్లున్న గ్లాసులో ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టి, ఉదయం తలుపు తెరవగానే చూడాలి.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే కింది అరలలో సుమారు నాలుగు గంటలవరకు చల్లదనం నిలుస్తుంది. చల్లదనం పోయి రెండు గంటలు దాటితే పాలు, మాంసం, చేపలు, వండిన అన్నం, కూరలు వాడకపోవడమే క్షేమం. వాసన బాగానే ఉన్నదని పసిపిల్లలకు పెట్టరాదు. హాని చేసే క్రిములు ఆహారంలో పెరిగినా వాసన మారకపోవచ్చు.

ఇన్సులిన్ వాడేవారు ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం. తెరవని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ చెడిపోతే పొరుగువారి ఫ్రిజ్‌లోకి మార్చి, అది వాడదగినదో కాదో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఫ్రీజర్ దగ్గర పెట్టినందున ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగిన తరువాత కూడా వాడకూడదు.

మొదటి పరీక్ష: కంప్రెసర్ నడుస్తున్నదా

తలుపు తెరవగానే లోపలి దీపం వెలగాలి. వెలగకపోతే ప్లగ్గును తీసి, అదే సాకెట్టులో మరొక ఉపకరణాన్ని పెట్టి చూడాలి. సాకెట్టు వదులై నల్లబడి ఉన్నా, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఫ్రిజ్ నడుస్తున్నా దోషం అక్కడే ఉండవచ్చు. గోడకున్న త్రీపిన్ సాకెట్టు మాత్రమే ఫ్రిజ్‌కు తగినది.

దీపం వెలుగుతూ, వెనుకనుంచి సన్నని గురగుర వినబడుతూ ఉంటే కంప్రెసర్ నడుస్తున్నట్టే. కొన్ని క్షణాలు మూలిగి, ‘టక్’మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే జరుగుతూ ఉంటే కంప్రెసర్ మొదలు కాలేకపోతున్నదని అర్థం. దీనికి రెండు కారణాలు సాధారణం. ఒకటి, వోల్టేజీ చాలడం లేదు. ఇంటికి రావలసినది 230 వోల్టులు. ఆ సమయంలోనే దీపాలు మసకబారి, పంకా నెమ్మదిస్తే ఇదే కారణం కావచ్చు. రెండవది, కంప్రెసర్ పక్కనుండే రిలే లేదా ఓవర్‌లోడ్ అనే చిన్న భాగం చెడిపోవడం. దీని ధర కంప్రెసర్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. కంప్రెసరే కాలిపోయిందని నిర్ణయించే ముందు దీనిని మార్చి చూడడం అవసరం.

ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్‌లలో శబ్దం చాలా తక్కువగా ఉంటుంది. అవి నడుస్తున్నవో లేదో చెవితో తేల్చుకోవడం కష్టం.

ఫ్రిజ్‌ను ఒకసారి ఆపితే కనీసం ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వేయాలి. వెంటనే వేస్తే గొట్టాలలోని ఒత్తిడి సమం కాకముందే కంప్రెసర్ కదలడానికి ప్రయత్నించి వేడెక్కుతుంది. కరెంటు మాటిమాటికీ పోయి వచ్చే పేటలలో, కొంత ఆలస్యంగా కరెంటు అందించే స్టెబిలైజర్ ఇందుకే ఉపయోగపడుతుంది.

వెనుకవైపు వేడి పోతున్నదా

చిన్న గదులలో ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి, దానిమీద డబ్బాలు పేర్చడం తరచుగా కనబడుతుంది. వెనుక జాలీకి గాలి తగలకపోతే లోపలి వేడి పోవడానికి దారి ఉండదు. వెనుకవైపు కనీసం జానెడు జాగా వదలాలి. గ్యాస్ పొయ్యి పక్కన, మధ్యాహ్నపు ఎండ పడే కిటికీ ఎదుట, రేకుల కప్పు కింద గాలి ఆడని మూలలో ఫ్రిజ్‌ను ఉంచరాదు.

మగ్గాలున్న ఇళ్లలో, వాటి చుట్టుపక్కల ఇళ్లలో మరొక సమస్య ఉంటుంది. దారం నుంచి రాలే నూగు గాలిలో తేలి వచ్చి జాలీ మీద దుప్పటి వలె పేరుకొంటుంది. ప్లగ్గును తీసి, ఫ్రిజ్‌ను మెల్లగా ముందుకు జరిపి, మెత్తని బ్రష్షుతో ఆ నూగును దులపాలి. నీళ్లు పోయరాదు, గొట్టాలను వంచరాదు. ఇతర ఇళ్లలో ఏడాదికి రెండుసార్లు చాలు. మగ్గం ఉన్న ఇంట్లో రెండు నెలలకొకసారి చేయడం మంచిది.

కొన్ని ఫ్రిజ్‌లకు వెనుక జాలీ కనబడదు. ఆ గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి. అటువంటి ఫ్రిజ్ పక్కలు ముట్టుకొంటే వెచ్చగా తగలడం దోషం కాదు. వేడి బయటికి పోతున్నదనడానికి అది గుర్తు. ఆ పక్కలకు కూడా గాలి ఆడేటట్టు చూడాలి.

బయటి వేడి లోపలికి వస్తున్నదా

తలుపు చుట్టూ ఉండే రబ్బరు లోపల అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది నాలుగు వైపులా గట్టిగా అతుక్కోవాలి. ఒక కాగితపు ముక్కను తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. అడ్డేమీ లేకుండా జారివస్తే అక్కడినుంచి వేడిగాలి లోపలికి పోతున్నట్టు. తలుపు చుట్టూ ఇదే విధంగా చూడాలి.

రబ్బరు మడతలలో జిడ్డు, మెతుకులు చేరినా అది అతుక్కోదు. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. ఒకచోట లోపలికి నొక్కుకుపోతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను కొంతసేపు దానిమీద ఉంచితే మెత్తబడి తిరిగి ఆకారానికి వస్తుంది. చిరిగినా, గట్టిపడినా రబ్బరును మార్చాలి. లోపలి చీటీ మీదనున్న మోడల్ సంఖ్యను చూపి కొనాలి. ఫ్రిజ్ ముందు కాళ్లను కొద్దిగా ఎత్తుగా తిప్పి ఉంచితే తలుపు దానంతటదే మూసుకొంటుంది.

తలుపు మూసినా లోపలి దీపం ఆరకపోతే ఆ వేడి లోపలే ఉంటుంది. తలుపు పక్కనుండే స్విచ్చును చేతితో నొక్కితే దీపం ఆరాలి. ఆరకపోతే స్విచ్చును మార్చాలి.

పొగలు కక్కే అన్నం గిన్నెను, కాచిన పాలను నేరుగా లోపల పెట్టడం, ఒకేసారి డజను నీళ్ల సీసాలు నింపడం కూడా ఫ్రిజ్‌కు మోయలేని భారమే. వండినది పొగ తగ్గేవరకు ఆరనిచ్చి పెట్టాలి. వేసవిలో దానిని గంటకు మించి బయట ఉంచరాదు.

చల్లదనం అరలకు చేరుతున్నదా

లోపలి మీటను ఎవరో తిప్పి మరచిపోయి ఉండవచ్చు. సాధారణంగా దానిమీది అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. చలికాలంలో తక్కువ అంకె మీద పెట్టి, వేసవి వచ్చినా మార్చకపోవడమే కొన్ని ఇళ్లలో అసలు కారణం. మీటను మార్చిన తరువాత ఫలితం కోసం ఒక రోజు ఆగాలి.

ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ చుట్టూ మంచు పేరుకొంటుంది. ఎక్కువ మంచు ఉంటే ఎక్కువ చల్లదనం అనుకోవడం పొరపాటు. మంచు పొర అర సెంటీమీటరు మించితే అది దుప్పటి వలె పనిచేసి లోపలి వేడిని పలక వరకు చేరనివ్వదు. మీట మధ్యనుండే డీఫ్రాస్ట్ బటన్‌ను రాత్రి నొక్కితే కంప్రెసర్ ఆగి, మంచు కరిగిన తరువాత తిరిగి మొదలవుతుంది. బటన్ నొక్కే ముందు లోపలి పాలు, మాంసం వేరేచోటికి మార్చుకోవాలి. మంచును చాకుతోగాని, స్క్రూడ్రైవరుతోగాని గీకరాదు. పలక పలుచని అల్యూమినియంతో చేసినది, గ్యాస్ దాని లోపలే తిరుగుతూ ఉంటుంది. ఒక్క పోటుతో రంధ్రం పడుతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ నిజంగానే పోవడానికి ఇటువంటి గాయం ఒక ముఖ్యకారణం.

రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో పైన గడ్డకడుతూ కింద మాత్రం వెచ్చగా ఉంటే, గ్యాస్‌ను అనుమానించే ముందు గాలి దారిని చూడాలి. పైనున్న చల్లని గాలిని ఒక చిన్న పంకా కిందికి పంపుతుంది. గాలి వచ్చే కన్నాలకు అడ్డంగా కూరగాయల సంచులు ఉంటే తీసివేయాలి. పంకా శబ్దం అసలే వినబడకపోతే దాని మోటారు చెడి ఉండవచ్చు. ఇవి రెండూ బాగానే ఉంటే, ఫ్రీజర్ వెనుక పలక లోపల మంచు గడ్డకట్టి గాలిని అడ్డగిస్తూ ఉండవచ్చు. సామాను తీసి, ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి 24 గంటలు ఉంచాలి. తరువాత వేస్తే ఫ్రిజ్ బాగా చల్లబడి, ఒకటి రెండు వారాలకు మళ్లీ పాత స్థితికి వచ్చిందనుకొందాం. అప్పుడు దోషం మంచును కరిగించే హీటరులోనో, దాని సెన్సారులోనో, ఫ్యూజులోనో ఉన్నదని దాదాపు తేలినట్టే. దీనికి గ్యాస్ నింపితే ఉపయోగం లేదు.

గ్యాస్ తగ్గినదని ఎప్పుడు అనుకోవాలి

పైన చెప్పినవన్నీ సరిగా ఉండి, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, వెనుక జాలీ వెచ్చబడకుండా, ఫ్రీజర్ పలక మీద ఒక మూల మాత్రమే మంచు పడుతూ ఉంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు. గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక కనబడితే అనుమానం బలపడుతుంది. అయితే సన్నని గొట్టంలో చెత్తగాని, తేమగాని అడ్డుపడినా ఇంచుమించు ఇవే గుర్తులు కనబడతాయి. కనుక ఈ పని ఇంట్లో చేసుకొనేది కాదు, తెలిసిన మెకానిక్ చేయవలసినది.

సక్రమమైన పద్ధతి ఇది: ముందుగా కారే చోటును కనిపెట్టి మూయాలి. ఫిల్టరును మార్చాలి. వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను పూర్తిగా తీసివేయాలి. ఫ్రిజ్ వెనుక చీటీ మీద ఏ గ్యాస్ ఎన్ని గ్రాములు అని ఉంటుందో అంతే తూచి నింపాలి. రంధ్రం మూయకుండా పైపైన గ్యాస్ నింపితే కొన్ని రోజులు చల్లబడి, మళ్లీ ఆగిపోతుంది.

ఇటీవలి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్ 600ఏ అనే గ్యాస్ ఐసోబ్యూటేన్. ఇది వంటగ్యాస్‌కు దగ్గరి బంధువు, నిప్పు తగిలితే అంటుకొంటుంది. ఫ్రిజ్‌లో దీని పరిమాణం కొన్ని పదుల గ్రాములే అయినా, మూసిన గదిలో కారితే ప్రమాదమే. బుస్‌మని శబ్దం వచ్చి గ్యాస్ కారుతున్నదని తెలిస్తే కిటికీలు తెరవాలి, పొయ్యి ఆర్పాలి, ఏ స్విచ్చునూ ముట్టకుండా బయటికి రావాలి. ఆర్ 134ఏ ఉన్న ఫ్రిజ్‌లో ఆర్ 600ఏ నింపడంగాని, దానిలో దీనిని నింపడంగాని చేయరాదు.

మెకానిక్‌ను అడగవలసిన మాటలు

ఊరినుంచి కొత్తగా వచ్చి, మరాఠీ ఇంకా అలవాటు కాని వారికి ఈ నాలుగు వాక్యాలు ఉపకరిస్తాయి.

“కాంప్రెసర్ చాలూ ఆహే, పణ్ థండ్ హోత్ నాహీ”: కంప్రెసర్ నడుస్తున్నది, కాని చల్లబడడం లేదు.

“గ్యాస్ కుఠూన్ లీక్ హోతోయ్ తే దాఖవా”: గ్యాస్ ఎక్కడినుంచి కారుతున్నదో చూపండి.

“కితీ గ్రామ్ గ్యాస్ భరలా తే బిలావర్ లిహూన్ ద్యా”: ఎన్ని గ్రాముల గ్యాస్ నింపారో బిల్లు మీద రాసివ్వండి.

“జునా పార్ట్ పరత్ ద్యా”: పాత భాగాన్ని తిరిగి ఇవ్వండి.

పని మొదలుపెట్టకముందే ఖర్చు ఎంతో, ఎన్ని నెలల హామీ ఇస్తారో అడిగి రాయించుకోవాలి. కంప్రెసర్‌కు ఫ్రిజ్ మొత్తానికంటే ఎక్కువ ఏళ్ల వారంటీ ఉండడం సాధారణం. కొన్ననాటి బిల్లును, వారంటీ కార్డును ముందుగా చూసుకోవాలి. డబ్బు తీసుకొని పని సరిగా చేయకపోతే, బిల్లు చేతిలో ఉన్నవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 సంఖ్యలో ఫిర్యాదు చేయవచ్చు. లోపభూయిష్టమైన సేవ మీద ఫిర్యాదు చేసే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. బిల్లు లేకపోతే ఆ హక్కును నిరూపించుకోవడం కష్టమవుతుంది.

ఫ్రిజ్ తలుపును ముట్టుకొన్నప్పుడు జిల్లుమని షాక్ తగిలితే చల్లదనం సంగతి తరువాత చూసుకోవచ్చు. తడి చేతులతో ముట్టకుండా మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్‌ను, ఫ్రిజ్ లోపలి వైర్లను పరీక్షింపజేయాలి. అద్దె ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ఇంటి యజమానికి ఆ విషయం వెంటనే తెలియజేయాలి.

పాత ఫ్రిజ్‌ను ఏమి చేయాలి

రబ్బరు, రిలే, మీట, పంకా వంటివి మార్చడం ఎప్పుడూ లాభమే. ఫ్రిజ్ గోడలలోని గొట్టం తుప్పుపట్టి కారినా, చాలా ఏళ్ల ఫ్రిజ్‌కు వారంటీ ముగిసిన తరువాత కంప్రెసర్ పోయినా, బాగుచేయించే ఖర్చును కొత్తదాని ధరతో పోల్చి నిర్ణయించుకోవాలి.

పారవేసే ఫ్రిజ్ ఎలక్ట్రానిక్ వ్యర్థం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల కిందికి అది వస్తుంది. దానిని ఘంటాగాడీలో వేయరాదు, వీధి మూలన వదలరాదు. భంగార్ దుకాణంలో గొట్టాలను కోస్తే గ్యాస్ గాలిలో కలుస్తుంది. ఆర్ 134ఏ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిగలది. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు పాతదానిని దుకాణదారునికే ఇచ్చివేయడం, లేదా నమోదు పొందిన రీసైక్లర్‌కు అప్పగించడం సరైన దారి. అప్పటివరకు ఇంటి బయట ఉంచవలసి వస్తే తలుపును ఊడదీసి ఉంచాలి. దాగుడుమూతలలో పిల్లలు లోపల దూరి తలుపు మూసుకుపోతే ఊపిరి ఆడదు, కేక బయటికి వినబడదు.

ఫ్రిజ్ చల్లబడడం లేదని తెలిసినప్పుడు ప్లగ్గు, మీట, రబ్బరు, జాలీ, మంచు: ఈ ఐదింటిని వరుసగా చూడడానికి ఒక పూట చాలు. వాటితో సరికాకపోతే మెకానిక్‌ను పిలిచి, చూసినవన్నీ ఆయనకు చెప్పాలి. గ్యాస్ తగ్గిందని ఆయన అంటే, ఎక్కడ కారిందో చూపమని అడిగిన తరువాతనే డబ్బు చెల్లించాలి.